మాస్క్: దాచేదా, చూపేదా?

ఇటాలియన్ ‘మాస్కెరా’ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘మాస్క్’ అయింది. అర్థం ముసుగు. ప్రోగ్రామర్లు మాత్రం ఫైల్లోని బైటు నుంచి కావలసిన బిట్లను పైకి తీయడాన్ని ‘మాస్కింగ్’ అంటారు. దాచే మాటకు చూపే పనేమిటని ఆక్షేపించవచ్చు. కానీ ముసుగు పడేది అక్కర్లేని బిట్ల మీద. రంగులు వేసేవాళ్లు అంచున టేపు అతికించేదీ ఇందుకే. బిట్లపై పడే ఈ ముసుగుకు మన ‘అ’ అక్షరమే సాక్ష్యం. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో అది 224, 176, 133 అనే మూడు బైట్లు. మొదటిదాన్ని 15తో, మిగతా రెండింటినీ 63తో ‘అండ్’ చేస్తే, అంటే రెండు సంఖ్యల్లోనూ 1 ఉన్న బిట్లనే నిలిపితే, బైటు పాత్రను తెలిపే గుర్తుబిట్లు మరుగై 0, 48, 5 మిగులుతాయి. మొదటిదాన్ని 12 స్థానాలు, రెండోదాన్ని 6 స్థానాలు ఎడమకు జరిపి మూడూ కలిపితే 3077. యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య అదే.

176ను 64తో భాగించినా శేషం 48 వస్తుంది కదా, ఇక మాస్కెందుకు? నిజమే, వస్తుంది. అయితే ఆ కిటుకు కుడి చివరి బిట్లకే చెల్లుతుంది, అదీ సంఖ్య ధనాత్మకమైతేనే. సి భాషలో ఆ బైటును రుణసంఖ్యలకూ చోటున్న రకంగా చదివితే మామూలు కంప్యూటర్లలో 176 కాస్తా -80 అవుతుంది, శేషం -16కు దిగుతుంది. 63 మాస్క్ అప్పుడూ 48నే ఇస్తుంది.