తుంగభద్ర అవతలి గద్వాల

‘అరుంధతి’ చూసి గద్వాల కోటను ఊహించుకున్నవాళ్లు ఊరికొస్తే కాస్త తికమక పడతారు. సినిమాలో బంగళా ఎక్కడో ఒంటరిగా నిలబడి ఉంటుంది. అసలు గద్వాల కోట ఊరి నడిబొడ్డున ఉన్న మట్టికోట. లోపల చెన్నకేశవస్వామి గుడికి భక్తులు వస్తారు, కాలేజీకి పిల్లలు వస్తారు. సినిమాలో ప్రతినాయకుడైన పశుపతి సమాధి అక్కడ ఎంత వెతికినా దొరకదు. తెర మీద మనం చూసిన గద్వాల తుంగభద్ర దాటి బనగానపల్లెలో ఉంది. యాగంటికి వెళ్లే దారిలో నవాబు కట్టించుకున్న ఆ బంగళాను ఇప్పుడు అక్కడివాళ్లు కూడా అరుంధతి కోట అనే పిలుస్తున్నారు.

నిజమైన కోటను వదిలి వేరే చోటికి వెళ్లడం మోసమేమీ కాదు. జనం తిరిగే కోటలో భయం పుట్టదు. పాత్రకు మనిషిని వెతికినట్టే కథకు భవనాన్ని కూడా వెతికారు. ఆ తెలివి ఒక్క సినిమాతో రాలేదు. దాని వెనక ‘అమ్మోరు’ ఉంది, ‘అంజి’ ఉంది.

నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డికి, దర్శకుడు కోడి రామకృష్ణకు పొత్తు పాతదే. ‘తలంబ్రాలు’, ‘ఆహుతి’, ‘అంకుశం’ వాళ్లిద్దరివే. ‘అమ్మోరు’ మొదట మరో దర్శకుడి చేతుల్లో, ప్రతినాయకుడిగా మరో నటుడితో మొదలైంది. తీసింది చూసుకుంటే నిర్మాతకు రుచించలేదు. కోడి రామకృష్ణను పిలిచారు, గోరఖ్ పాత్రలోకి రామిరెడ్డి వచ్చాడు, మళ్లీ తీశారు. 1995లో విడుదలైన ఆ సినిమా ఎంత ఆడిందో చెప్పక్కర్లేదు. కథ అదే, అమ్మవారు అదే. మారింది ముఖ్యంగా చెప్పేవాడు, భయపెట్టేవాడు. అంత డబ్బు పారేసుకుని మళ్లీ మొదలుపెట్టాలంటే నిర్మాతకు మొండి గుండె కావాలి.

తర్వాత ‘అంజి’. చిరంజీవి హీరో, ఆత్మలింగం కథ, ఏళ్ల తరబడి షూటింగు. 2004 సంక్రాంతికి వచ్చింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు దక్కింది కానీ పెట్టిన ఖర్చుకు, పడ్డ శ్రమకు తగ్గట్టు ఆడలేదు. కారణం గ్రాఫిక్స్ కాదని నా లెక్క. ఒక రీలులో పిల్లల సాహస కథ, మరో రీలులో మాస్ హీరో ఫైటు, ఇంకో రీలులో శివలీల. దేనికది బాగానే ఉన్నా ప్రేక్షకుడు ఏ మూడ్‌లో కూర్చోవాలో తేలదు. ఏళ్ల తేడాతో తీసిన సీన్లు ఒకే శ్రుతిలో ఉండటం ఎవరికైనా కష్టమే.

అదే జోడీ 2009 జనవరి 16న ‘అరుంధతి’తో వచ్చింది. ఈసారి పెద్ద హీరో లేడు. కాబోయే భర్తగా వేసిన అర్జన్ బజ్వాకు కథలో చోటు కొంచెమే. భయాన్ని మధ్యలో ఆపి నవ్వించే కామెడీ ట్రాకుల జోలికి పోలేదు. పాటలు కూడా కథకు అడ్డం పడవు. డోలు కొడుతూ నాట్యం చేసే ఘట్టాన్నే తీసుకుంటే, అక్కడ నాట్యమే యుద్ధం. అది తీసేస్తే కథ ముందుకు కదలదు. కొన్నిచోట్ల అరుపులు మోతాదు మించాయి, నిజమే. కానీ మొదటి నుంచి చివరిదాకా అదే మోతాదు. సినిమా తన కథను చూసి తనే ఎక్కడా నవ్వుకోలేదు, కాబట్టి హాల్లోనూ ఎవరూ నవ్వలేదు.

ఇక మనుషులు. ‘అరుంధతి’ కథానాయిక జేజమ్మ పాత్ర ముందు మమతా మోహన్‌దాస్ దగ్గరికి వెళ్లింది. ఆమె కాదన్నాక అనుష్కకు వచ్చింది. అప్పటిదాకా అనుష్క గ్లామర్ పాత్రల మనిషి. దర్శకుడు ఆమె ఎత్తును, నడకను, కళ్లను వాడుకున్నాడు. చిన్నప్పటి జేజమ్మగా దివ్య నగేశ్ కళ్లెర్రజేసినప్పుడే పెద్ద జేజమ్మ మీద మనకు సగం నమ్మకం కుదిరిపోతుంది. అనుష్క వచ్చేది ఆ నమ్మకాన్ని కొనసాగించడానికే. ఆ పిల్లకు నంది అవార్డు ఊరికే రాలేదు.

పశుపతి ఒక్కడు కాదు, ఇద్దరు. ఒళ్లు పంజాబు నుంచి వచ్చిన సోనూ సూద్‌ది. గొంతు పి.జె. శర్మ గారబ్బాయి, సాయికుమార్ తమ్ముడు రవిశంకర్‌ది. ఆ మేకప్ కింద మనిషి ముఖం సగం కనబడదు, కాబట్టి భారమంతా గొంతు మీదే పడింది. సినిమాలోని ‘బొమ్మాళీ’ అన్న పిలుపుతో ఆయన బొమ్మాళి రవిశంకర్ అయిపోయాడంటే ఆ గొంతు ఎంత పని చేసిందో తెలుస్తుంది. తెలుగులో డబ్బింగును చిల్లర పనిలా చూసేవాళ్లు ఈ సినిమాను ఒకసారి మ్యూట్‌లో పెట్టి చూడాలి.

పాలమూరు మనిషిగా నాకు ఒక్క ఫిర్యాదు ఉంది. గద్వాల సంస్థానం అన్నారు, కానీ సినిమాలోని ఆ ఇంట్లో ఎవరి నోటా నడిగడ్డ మాట, అంటే మా గద్వాల వైపు యాస, వినిపించదు. పక్కనే కర్ణాటక, ఆ పక్కన రాయలసీమ, ఇంట్లో ఉర్దూ కలిసిన యాస మాది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఎక్కడ నిలబడి విన్నా అది అరుంధతి ఇంటి భాష కాదని తెలుస్తుంది. శ్రుతి తప్పకుండా ఇంత జాగ్రత్త పడినవాళ్లు దీన్ని ఎలా వదిలేశారో! బహుశా 2009లో రాజకుటుంబం అనగానే పుస్తకాల తెలుగే మాట్లాడాలని అందరూ అనుకునేవాళ్లేమో. యాసను అప్పటి సినిమాలు ఎక్కువగా నవ్వించడానికో, రౌడీలకో అట్టిపెట్టుకున్నాయి.

ఇదే కథను 2014లో బెంగాలీలో కోయెల్ మల్లిక్‌తో తీశారు. కానీ గద్వాలకు సొంతంగా ఒక రాణి కథ ఇంకా మిగిలే ఉంది. సంస్థానాలు కలిసిపోయే నాటి వరకు ఇక్కడ పాలించింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. చీరల నేత మెరుగుపడాలని నేతగాళ్లను కాశీకి పంపించిందని గద్వాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె కథ ఎవరైనా తీస్తే గ్రాఫిక్స్ అక్కర్లేదు, మట్టికోట చాలు. మొదట వెతకాల్సింది మాత్రం నడిగడ్డ మాట పలికే అమ్మాయిని.