గళ్ళకు ఇంటిపేరు ఎవరు పెట్టారు?

స్కాట్లాండ్ ఉత్తరాన ఇన్వర్నెస్ మ్యూజియం సంరక్షణలో ఒక పెళ్లిగౌను ఉంది. 1785 జనవరిలో, లాక్ నెస్ సరస్సుకు దక్షిణాన స్ట్రాథెరిక్ అనే పల్లెసీమలో, ఇసబెల్లా మెక్‌టావిష్ మాల్కమ్ ఫ్రేజర్‌ను పెళ్లాడిన నాడు వేసుకున్నది. ఎర్రటి బట్ట మీద ఆకుపచ్చ, నీలం గళ్ళు. పట్టు కాదు, జరీ లేదు. దువ్వి వడికిన ఉన్ని దారంతో నేసిన గట్టి టార్టన్, అంటే స్కాట్లాండ్ గళ్ళబట్ట. మ్యూజియంలో ఉన్నా సొత్తు మాత్రం కుటుంబానిదే. ఆ వంశంలోని పెళ్లికూతుళ్లు కొందరు తరాల మీదుగా దాన్నే వేసుకున్నారు. 2005లో కూడా ఒకామె అదే గౌనులో పెళ్లి చేసుకుంది.

అంటే 220 ఏళ్లు. మామూలు ఇళ్లలో బట్ట అన్నాళ్లు బతకదు. పాతబడితే విప్పి పిల్లలకు కుడతారు, ఆ తరవాత అది మసిగుడ్డ అవుతుంది. ఈ గౌను మిగలడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు, కుట్టు కూడా సాయపడి ఉండాలి. ఆ రోజుల్లో ఆడవాళ్ల గౌన్లను ముందువైపు గుండుసూదులతో బిగించుకునేవారు. కాబట్టి సన్నగా ఉన్నవాళ్లకూ కాస్త ఒళ్లున్నవాళ్లకూ సర్దుకునేది. 2019లో ఇన్వర్నెస్ మ్యూజియంలోనే దాని ప్రతిరూపాన్ని జనం చూస్తుండగా చేత్తో కుట్టి చూపించారు.

స్కాట్లాండ్ నుంచి వలసపోయినవాళ్ల వారసులు కెనడాలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో లక్షలాదిగా ఉన్నారు. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండల వాసన మధ్య మగవాళ్లు నడుముకు చుట్టుకునే ఓ కిల్టో గళ్ళ శాలువానో బయటపడితే చాలామంది చేసే మొదటి పని ఒకటే: దుకాణాల్లో దొరికే టార్టన్ పట్టికలో ఆ గళ్ళను వెతుక్కోవడం. ఫలానా గళ్ళు కామెరాన్లవి, ఫలానావి కాంప్‌బెల్‌లవి అని అందులో రాసి ఉంటుంది. పోలిక కుదిరితే తమ వంశం తెలిసిపోయినట్టే అనుకుంటారు.

ఇసబెల్లా గౌను దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. పుట్టిల్లు మెక్‌టావిష్‌లు, అత్తిల్లు ఫ్రేజర్లు, ఉన్నది ఫ్రేజర్ల సీమ. అయినా ఆ గళ్ళు నేడు ఫ్రేజర్ పేరుతో అమ్మే నమూనా కావు, మెక్‌టావిష్ పేరుతో అమ్మేదీ కావు. ఏ బట్ట ఏ ఇంటిదో ఇంత పక్కాగా తెలిసిన చోట కూడా పట్టిక మాట చెల్లలేదు. పాత బట్టల మీద నాకున్న నమ్మకమంతా ఇలాంటి గౌన్ల మీదే తప్ప పట్టికల మీద కాదు.

ఈ గౌను చుట్టూ ఒక ముచ్చట కూడా అల్లుకుంది. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో స్టువర్ట్ రాచవంశం పక్షాన నిలిచిన హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరపు కొండసీమ) సేన ఓడిపోయింది. ఆ ఏడే వచ్చిన చట్టం హైలాండ్ దుస్తులను నిషేధించింది. తొలిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరం. ఫ్రేజర్ల పెద్ద లోవట్ ప్రభువుకు 1747లో లండన్‌లో తల నరికారు. నిషేధం తొలగింది 1782లో. మూడేళ్లకే టార్టన్ గౌనులో పెళ్లి, కాబట్టి అది స్వేచ్ఛకు పండగ అని కథ. వినడానికి బాగుంది. కానీ చట్టం పట్టుకున్నది మగవాళ్లనూ మగపిల్లలనూ మాత్రమే, అందులోనూ సైన్యంలో చేరినవాళ్లకు మినహాయింపు ఉంది. ఆడవాళ్లు ఆ ముప్ఫై అయిదేళ్లూ గళ్ళబట్ట కట్టుకోవచ్చు. ఇసబెల్లా మనసులో ఏముందో గానీ, ఆమె ఏ నిషేధాన్నీ దాటాల్సిన పని లేదు.

మరి వంశానికో గళ్ళు అన్న మాట ఎక్కణ్నించి వచ్చింది? 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ వంశపెద్దలందరికీ ఉత్తరాలు రాసి, మీ మీ టార్టన్ ముక్క ముద్ర వేసి పంపండని అడిగింది. మెక్‌డొనాల్డ్ ప్రభువు, తమ వంశపు టార్టన్ ఏదో తనకే తెలియదనీ, కాస్త కనుక్కుని అసలైన నమూనా సంపాదించి పెట్టమనీ సొసైటీనే బతిమాలుకున్నాడు. ఇంటిపేరు ఏమిటని అడిగితే పంచాయతీ ఆఫీసులో కనుక్కోమన్నట్టుంది ఈ వ్యవహారం.

గళ్ళు నిజంగా తెలిసింది వ్యాపారికి. స్టర్లింగ్ దగ్గర బానక్‌బర్న్‌లో విల్సన్ల నేత సంస్థ 1819 నాటికే రెండు వందలకు పైగా నమూనాలు పుస్తకానికెక్కించింది. కొన్నిటికి ఊళ్ల పేర్లు, కొన్నిటికి వట్టి నంబర్లు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ రాకను టార్టన్ ఉత్సవంగా నడిపించాడు. దాంతో ప్రతి పెద్దకూ తనదంటూ ఓ నమూనా కావాల్సొచ్చింది. చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో చూపించిన ఉదాహరణ నాకు మరపురాదు. మెక్‌ఫెర్సన్ల పెద్దకు అంటగట్టిన టార్టన్ అంతకుముందు విల్సన్ల లెక్కల్లో ‘కిడ్’. వెస్టిండీస్‌లో తన బానిసలకు తొడగడానికి కిడ్ అనే ఆసామి తానుల లెక్కన కొన్నందుకు ఆ పేరు. దానికీ ముందు అది నంబరు 155. ఇక 1842లో తమను స్టువర్ట్ రాకుమారులమని చెప్పుకున్న ఇద్దరు అన్నదమ్ములు, పాత రాతప్రతి దొరికిందంటూ అచ్చేసిన టార్టన్ గ్రంథం దొంగదని తేలింది. అందులోని నమూనాలు మాత్రం ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి.

వాడకంలో స్థిరపడ్డ గళ్ళు సైన్యానివి. నల్లటి ఆకుపచ్చ, నీలం కలిసిన బ్లాక్‌వాచ్ పటాలపు బట్ట మీద తెలుపు, ఎరుపు గీతలు వేస్తే మెకంజీ టార్టన్. ఆ నమూనా 1770ల చివర మెకంజీ పెద్దలు సమకూర్చిన దళాల యూనిఫాం. వాటిలో ఒకటైన 73వ హైలాండ్ దళం 1780లో మద్రాసులో దిగింది. ఆ సెప్టెంబరులోనే దాని రెండు కంపెనీలు పొల్లిలూరు దగ్గర హైదరాలీ సేన చేతిలో చిక్కాయి. మన ఊళ్ల చరిత్రలను కైఫీయత్తులుగా రాయించిన మెకంజీ దొర, లూయిస్ దీవి మనిషి, మద్రాసుకొచ్చింది మరో మూడేళ్లకు, 1783లో.

కాబట్టి పెట్టెలో దొరికిన కిల్టు మెకంజీ గళ్ళదైతే ముందు అనుమానించాల్సింది రక్తసంబంధాన్ని కాదు, పటాలాన్ని. హైలాండ్ పటాలాల్లో లోలాండ్ పట్టణాల కుర్రాళ్లూ, ఇంగ్లండ్ వాళ్లూ కూడా పనిచేశారు. లోపలి అస్తరు తిరగేసి చూడాలి. సర్కారు బాణం ముద్రో సైనికుడి నంబరో కనిపిస్తే చాలు, సగం కథ దొరికినట్టే. పెద్ద పెట్టెమడతలు, నాలుగు గజాల బట్ట అయితే 1800 ప్రాంతానిది కావచ్చు. కత్తిమడతలు, ఎనిమిది గజాలు అయితే తరవాతి కాలానిది. రసాయనరంగు వాడి ఉంటే 1856కు ముందుది కాదు, అప్పటికి ఆ రంగులే పుట్టలేదు. ఇంత చెప్పే బట్ట వంశం పేరు మాత్రం చెప్పదు.

పేరు కాగితాల్లో ఉంటుంది. పట్టిక వెతికేవాళ్లు తండ్రి ఇంటిపేరు పట్టుకుని పోతారు. పెళ్లిగౌన్లూ శాలువాలూ మాత్రం ఎక్కువగా తల్లి నుంచి కూతురికి పోతాయి. ప్రతి పెళ్లికీ ఇంటిపేరు మారిపోతుంది. అదృష్టవశాత్తూ స్కాట్లాండ్ రిజిస్టర్లు ఈ విషయంలో ఉదారమైనవి. 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావు మూడింటిలోనూ తల్లి పుట్టింటి పేరు రాశారు. ఆ మొదటి సంవత్సరం మరీ ఉత్సాహపడి, బిడ్డ పుట్టుక రాసేటప్పుడే తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన ఊరు, అంతకుముందు పుట్టిన పిల్లల వివరం కూడా అడిగారు. అంత రాతపని తట్టుకోలేక మరుసటి ఏడే చాలా గడులు కొట్టేశారు. ముత్తవ్వ 1855లో పుట్టినవాళ్లది మాత్రం పంట పండినట్టే.