దోషోమాచి పులి

కలరా అనగానే మా గోదావరి సీమ పెద్దలకు మరిడమ్మ గుర్తుకు వస్తుంది. మా మామ్మ తన తోబుట్టువులిద్దరిని ఒకే వారంలో పోగొట్టుకున్నది ఆ వ్యాధితోనే. ఒసాకాలోని దోషోమాచి వీధికి వెళ్ళిననాడు ఆమె మాటలే నా మనసులో మెదిలాయి.

అది తరతరాల ఔషధవర్తకుల వీధి. భవనాల నడుమ ఇరుకున సుకునాహికోన ఆలయం. ఈ షింటో దేవుడు కాయడొప్ప పడవలో సముద్రం మీదుగా వచ్చిన అల్పకాయుడు. మనుషులకూ పశువులకూ చికిత్సావిధి ఏర్పరచినవాడని 720 నాటి ‘నిహోన్ షోకి’ చెబుతుంది. 1780లో వర్తకులు ఆయనను క్యోటో నుండి ఆవాహన చేసి, చైనా మూలికాదేవుడు షెన్నోంగ్ సరసన ప్రతిష్ఠించారు. మన ధన్వంతరికి దాయాదులనుకోండి!

1822లో కలరా ఒసాకాను కబళించింది. వర్తకులు పులి పుర్రె ఎముక కలిపి మాత్రలు చేసి, కాగితపు పులిబొమ్మతో సహా పంచారు. మాత్రలు కాలగర్భంలో కలిశాయి. వెదురు రెమ్మకు కట్టిన బొమ్మను మాత్రం ఏటా నవంబరు 22, 23 తేదీల ఉత్సవంలో నేటికీ ఇస్తారు. ఆ మాత్రలు రోగం మాన్పాయని నేను నమ్మను. కానీ పారిపోక నిలిచి పంచారు కదా!

ఆ మహమ్మారి 1817లో మన వంగదేశంలో చెలరేగి, ఓడలెక్కి అక్కడికి చేరినదే. జపాను ప్రార్థనలేవీ నాకు రావు. చేతులు జోడించి మరిడమ్మనే తలచుకున్నాను.