బోర్డు మాట బ్రదుకు

ఆంగ్లమున బోర్డు అను మాటకు మొదటి యర్థము చెక్కపలక. ఓడ ప్రక్కభాగమునకును పూర్వ మా పేరే చెల్లినది. నేటికిని ఓడ నెక్కినవాడు వారి భాషలో బోర్డు మీద నున్నవాడే. మధ్యయుగపు ఇంగ్లండులో ప్రభువుల యిండ్ల భోజనవేళకు కొయ్యకాళ్ళపై పలకలు పఱచి, విందు ముగిసిన వెంటనే వానిని తొలగించెడివారు గనుక, ఆ పలకపై వడ్డించిన యాహారమునకును బోర్డను పేరే కలిగినది. మన పట్టణములలో పూటకూళ్ళ యిండ్లకు వ్రేలాడు 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అను మాటలోని తిండి యిదియే. పిదప అట్టి బల్ల చుట్టును కూర్చుండి ఆలోచన సాగించు పెద్దల కూటమియు బోర్డయినది. మన పీఠము పీటయై వంటింటికి దిగగా, వారి పీట పీఠమై సభకెక్కినది.

మన దేశమునకు ఈ మాట అధికారరూపముననే వచ్చినది. 1784లో ఈస్టిండియా కంపెనీపై పెత్తనమునకు లండనులో బోర్డు ఆఫ్ కంట్రోలును, 1786లో శిస్తు వ్యవహారములకు చెన్నపట్టణమున రెవిన్యూ బోర్డును ఏర్పడినవి. అయినను దీనిని పల్లెలకు చేర్చినది 1884 నాటి స్థానిక బోర్డుల చట్టమే. జిల్లా, తాలూకా బోర్డులు భూమిపై సెస్సు విధించి, బాటలయందు టోలుగేట్లు నిలిపి, తుదకు దారిప్రక్క చింతచెట్ల కాపును సైతము వేలమువేసి, ఆ ధనముతో రోడ్లు, సత్రములు, ఆసుపత్రులు, పాఠశాలలు నడపినవి. తంజావూరు జిల్లా బోర్డు ఏకముగా రైలుమార్గమునే వేయించినది! ప్రెసిడెంటు పదవికై పెరిగిన కక్షలు, కంట్రాక్టుల భాగోతములు చెప్పనలవి కావు. 1934లో, బొబ్బిలి రాజావారి మంత్రిత్వకాలమున, తాలూకా బోర్డులు రద్దయినవి.

ఎన్ని దోషములున్నను, బోర్డు హైస్కూలే లేకున్నచో పెక్కు గ్రామముల రైతుబిడ్డలకు ఎస్.ఎస్.ఎల్.సి. చదువు అందని పండే యయి యుండెడిది. ఆ బడి గుమ్మముపైని పేరుపలక బోర్డు, తరగతి గోడనున్న నల్లబల్ల బోర్డు, దానిపై సుద్దముక్కతో లెక్కలు వ్రాయు మాస్టరుగారిని ఎచ్చటికైనను బదిలీ చేయగల యజమానియు బోర్డే. పిల్లవాని కీ మూటియందును చిక్కు గోచరింపలేదు.

1959 నాటి చట్టముచే ఆంధ్రప్రదేశమున జిల్లా పరిషత్తు లేర్పడగా బోర్డు హైస్కూళ్ళు పరిషత్తు హైస్కూళ్ళయినవి. మాట మాత్రము అంగళ్ళలో నిలిచినది. జనము సొమ్ముతో రాత్రికి రాత్రి ఉడాయించిన వర్తకుని గూర్చి మనవారు 'బోర్డు తిప్పేశాడు' అందురు. ఇది మాత్రము అచ్చముగా మన సొత్తు, ఆంగ్లేయుడు మన కిచ్చినది కాదు.