పారదర్శక వాహక ఆక్సైడ్ పొరలు

గాజులాగా వెలుతురును పోనిస్తూ, లోహంలాగా కరెంటును మోసే ఆక్సైడ్ పొరలివి. మందం సాధారణంగా ఒక మైక్రాన్ లోపే. టచ్ స్క్రీన్లు, ఎల్‌సీడీ టీవీలు, కొన్ని రకాల సౌర ఫలకాలు ఇవి లేకుండా పనిచెయ్యవు.

మామూలుగా ఈ రెండు గుణాలకూ పొసగదు. లోహంలో కరెంటును మోసే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే వెలుతురును వెనక్కి కొడతాయి. రెండూ ఒకే పొరలో ఇమడగలవని మొదట చూపినవారు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ బేడెకర్. 1907లో ఆయన క్యాడ్మియం లోహపు పలుచని పొరను గాలిలో వేడిచేసి ఆక్సైడ్‌గా మార్చారు. దాని గుండా చూడవచ్చు, కరెంటూ పారుతుంది. కానీ క్యాడ్మియం విషపదార్థం, పైగా దాని ఆక్సైడ్ పసుపు రంగు తేలుతుంది. అందుకు బదులు విస్తారంగా వాడుకలోకి వచ్చిన తొలి పొర తగరం ఆక్సైడ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ముందు అద్దాలపై మంచు పేరుకోకుండా ఈ పూతలోకి కరెంటు పంపి వేడెక్కించేవారు.

కిటుకంతా డోపింగ్‌లో, అంటే వేరే పరమాణువులను కొద్దిగా కలపడంలో ఉంది. తగరం ఆక్సైడ్ శక్తి అంతరం (కాంతిని పీల్చుకోవడానికి కావాల్సిన కనీస శక్తి) సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు. కంటికి కనిపించే కాంతికి అంత శక్తి లేదు కాబట్టి నిరాటంకంగా దాటిపోతుంది. ఆక్సిజన్ స్థానంలో ఫ్లోరిన్ చేరితే, బంధాలకు అక్కరలేని ఒక ఎలక్ట్రాన్ మిగిలి కరెంటును మోస్తుంది. ఇండియం ఆక్సైడ్‌లో ఈ పని తగరం చేస్తుంది, జింక్ ఆక్సైడ్‌లో అల్యూమినియం. తగరం కలిపిన ఇండియం ఆక్సైడే ప్రసిద్ధమైన ఐటీఓ. బరువులో 90 పాళ్లు ఇండియం ఆక్సైడ్, 10 పాళ్లు తగరం ఆక్సైడ్ కలపడం పరిపాటి. మంచి ఐటీఓ పొర నిరోధకత రాగికి 60 నుంచి 100 రెట్లు ఉన్నా, కాంతిలో 85 శాతానికి పైగా దాటనిస్తుంది. డోపింగ్ శ్రుతిమించితే అదనపు పరమాణువులే ఎలక్ట్రాన్లకు అడ్డుపడతాయి.

పాళ్లు ఎంత ముఖ్యమో పొర పరిచే పద్ధతీ అంతే ముఖ్యం. స్పటరింగ్‌లో ఆర్గాన్ అయాన్లు ఆక్సైడ్ దిమ్మెను ఢీకొని పరమాణువులను రాలగొడతాయి. అవి ఎదురుగా ఉన్న గాజుపై పేరుకుంటాయి. స్పటరింగ్ జరిగే గదిలో ఆక్సిజన్ మరీ తగ్గితే పొర నల్లబడుతుంది, ఎక్కువైతే వాహకత పడిపోతుంది. స్ప్రే పైరాలిసిస్‌కు వాక్యూమ్ అక్కర్లేదు. తగరం క్లోరైడ్, అమ్మోనియం ఫ్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని 400–500 డిగ్రీల సెల్సియస్ వేడి గాజుపై తుంపరగా చల్లితే చాలు. మందం సమంగా రాకపోతే పొరపై ఇంద్రధనుస్సు రంగుల పట్టీలు కనిపించి లోపాన్ని అక్కడికక్కడే పట్టిస్తాయి. ఖర్చు తక్కువ కావడంతో మన విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు ఈ పద్ధతిని బాగా అందిపుచ్చుకున్నాయి. ఈ రంగంపై 1983లో ఢిల్లీ ఐఐటీకి చెందిన కె.ఎల్. చోప్రా, సహరచయితలు రాసిన సమీక్షా వ్యాసం నేటికీ పరిశోధకులకు ప్రామాణికమే.

ఐటీఓకు కావాల్సిన ఇండియం అరుదైన లోహం, ప్రధానంగా జింక్ శుద్ధిలో ఉపఉత్పత్తిగానే దొరుకుతుంది. ఫ్లోరిన్ కలిపిన తగరం ఆక్సైడ్ అంతకంటే చవక, వేడినీ బాగా తట్టుకుంటుంది. అయినా దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎలక్ట్రాన్లు కరెంటును మోసే ఎన్-రకం పొరలు. పారదర్శక డయోడ్లు చెయ్యాలంటే ఎలక్ట్రాన్ ఖాళీలు (హోల్స్) కరెంటును మోసే పీ-రకమూ కావాలి. 1997లో జపాన్‌లో శాస్త్రవేత్త హొసోనో బృందం రాగి-అల్యూమినియం ఆక్సైడ్‌తో ఆ దారి తెరిచింది. అయితే ఆ పొర వాహకత ఐటీఓలో వెయ్యో వంతైనా లేదు.