బరువెత్తిన ఆడపడుచు



నిండు బిందె చంకనెత్తుకుని గడప దాటడం మనకు కొత్త కాదు. ఆడవాళ్ళ బలానికి పతకమివ్వవచ్చునన్న సంగతి మాత్రం లోకానికి ఆలస్యంగా తట్టిందండీ! ఒలింపిక్స్‌లో మగవారికి బరువులెత్తే పోటీ 1896లోనే పెట్టారు. ఆడవారికి 2000లో, సిడ్నీలోగాని పెట్టలేదు. అంటే నూట నాలుగేళ్ళ తర్వాత!

ఆ మొదటి పోటీలకే వెళ్ళింది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి. అంతకుముందు 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. సిడ్నీ నాటికి పెళ్ళయి మూడేళ్ళు. తరగతి కూడా 69 కిలోలకు మారింది. ఇక ఈమె పని అయిపోయిందనుకున్నవారూ లేకపోలేదు.

సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆమెకన్నా ముందున్న ఇద్దరూ ఎత్తినవి 242.5. తేడా రెండున్నర కిలోలే! బంగారం కోసం ఆఖరిసారి 137.5కి తెగించింది, నిలవలేదు. దక్కింది కంచు. అయితేనేం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమే.

ఆ దారిలోనే విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం తెచ్చింది. మొదట కంచే. గెలిచిన అమ్మాయి మత్తుమందుల పరీక్షలో పట్టుబడ్డాక అది వెండి అయింది.

రేపు మీ అమ్మాయి ఆటకు వెళ్తానంటే, "ఆడపిల్లవి, నీకెందుకే?" అనబోయే ముందు ఒక్కసారి ఈ 240 కిలోలు తలచుకోండి. అంతకన్నా నేను చెప్పవలసింది లేదు. సెలవు.