కౌటతక్షుఁడు: చిత్రవిద్యార్థుల యుత్తరజీవనము

పాణినీయమున గ్రామ, కౌట శబ్దములకుఁ బరమగు తక్షన్ శబ్దమునకు సమాసాంతప్రత్యయమును విధించు సూత్ర మొకటి పంచమాధ్యాయమునఁ గలదు. కాశికావృత్తి యీ రెంటికిని నర్థభేదముఁ జూపినది. ఊరివారి కెల్లరకును బనిచేసి యూరివలన బ్రదుకు వడ్రంగి గ్రామతక్షుఁడు. తన కుటియందుఁ బనిచేసికొనుచు నెవ్వరికిని గట్టువడక జీవించువాఁడు కౌటతక్షుఁడు. రాజునొద్ద నుండు వడ్రంగి సూత్రమునకు వెలిపడిన ప్రత్యుదాహరణము. వాఁడు రాజతక్ష యగునే కాని రాజతక్షుఁడు కాఁడు. విద్యార్థులకు నీ సూత్రముఁ జెప్పునపుడెల్ల నాకు నేఁటి చిత్రవిద్యాలయములనుండి వెలువడు యువకులు స్ఫురింతురు. వారిని బోషించు నూరు లేదు, రాజులు గతించిరి. మిగిలినది కుటి యొక్కటియే. దానిని వారికిఁ గట్టియిచ్చువా రెవరు?

చెన్నపురి చిత్రవిద్యాలయమును 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు స్థాపించెను. బొంబాయిలోని జె. జె. పాఠశాల 1857లో నేర్పడెను. రేఖ, వర్ణము, ప్రమాణము నను వానిని నివి చక్కఁగానే నేర్పినవి. పట్టము పుచ్చుకొన్న మఱునాఁటి సంగతి మాత్రము వీని పాఠ్యక్రమమున లేదు. పెక్కండ్రు బడులలో డ్రాయింగు మాస్టరులై, నేఁతకు నమూనాలు గీయువారై, క్రమముగాఁ గుంచె విడిచిరి.

ఈ చిక్కును గనిపెట్టినవారిలో నొకఁడు చిత్రవిద్యాలయమునకుఁ జెందనివాఁ డగుట విశేషము. ఆస్వాల్డు కూల్డ్రే దొర 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవరపుఁ గళాశాల కధ్యక్షుఁడు. ఆయన స్వయముగాఁ జిత్రకారుఁడు, రచయిత. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆయన శిష్యులు. 1897లో జన్మించిన దామెర్ల రామారావు చేతిపనిని జూచి, యా బాలుని 1916లో జె. జె. పాఠశాలలోఁ జేర్పించెను. బాలుని బడికిఁ బంపుట యంత యపూర్వము కాదు. పంపినవానిని బిమ్మట విడువకుండుట యపూర్వము. శిష్యుని చదువు ముగియకమునుపే దొర స్వదేశమునకు మరలిపోయెను. అయినను మైత్రి తెగలేదు.

రామారావు నగరమున నుద్యోగముఁ గోరక గోదావరియొడ్డునకే తిరిగివచ్చి 1923లో రాజమహేంద్రవరమునఁ జిత్రకళాశాలను నెలకొల్పెను. భార్య సత్యవాణియుఁ జెల్లెలు బుచ్చికృష్ణమ్మయుఁ జిత్రకారిణులైరి. మిత్రుఁడు వరద వేంకటరత్నము తోడుపడెను. అది పాఠశాల యనుటకంటె నొక కుటుంబ మనుట సరి. కాని యట్టి కుటికి నిట్టరాఁడు ఒక్కటియే. 1925 ఫిబ్రవరి 6వ తేదీని మశూచికముచే రామారావు మృతినొందెను, ఇరువదియెనిమిదేండ్లును నిండలేదు. వేంకటరత్నము కళాశాలను విడువక నడపినందుననే యది యాతనితో నంతరింపదయ్యెను. కూల్డ్రే, వేంకటరత్నము మొదలగువారి పూనికచే రామారావు చిత్రములకుఁ బ్రదర్శనశాల యేర్పడెను. ఆ పూనికయే లేకున్న సిద్ధార్థరాగోదయము, పుష్పాలంకరణము మున్నగు పటము లేయిండ్ల గోడలపాలై యుండెడివో!

మైత్రి నాధారముగాఁ గొన్న కుటి యిట్టిదికాఁగా, పరిశ్రమ నాధారముగాఁ గొన్నది చెన్నపురివారిది. కె. సి. యస్. పణిక్కరు 1944లోఁ బ్రగతిశీల చిత్రకారుల సంఘమును నెలకొల్పెను. 1957లో దేవీప్రసాద రాయచౌదరి తరువాత విద్యాలయాధ్యక్షుఁ డయ్యెను. తాను దిద్ది తీర్చిన శిష్యులు బ్రదుకుఁదెరువునకై కళను వదలుచుండుటఁ జూచి, యాయన వారిచేఁ జేతిపనుల సంఘ మొకటి కట్టించెను. మైనము పూసి రంగు వేయు బాతిక్ వస్త్రములు మున్నగువానిని దీరికవేళలఁ జేసి యమ్మి, యా సొమ్ముతో 1966లోఁ జెన్నపురికి దక్షిణమున నింజంబాకము కడ సముద్రతీరమున భూమిఁ గొని, గుడిసెలు వేసికొనిరి. అదియే చోళమండల చిత్రకారగ్రామము. కౌటశబ్దమునకు నంతకంటె నక్షరశః సరిపడు నుదాహరణము నాకుఁ గానరాదు.

బాతిక్ గుడ్డలమ్ముట చిత్రకారునకుఁ దగునా యని యాక్షేపించువారు లేకపోలేదు. అన్నముకొఱకుఁ బాణినిమతముఁ జేరినవారిని “ఓదనపాణినీయు”లని వైయాకరణులు పరిహసించిరి గదా! చోళమండలమువారి వర్తన మిందుకు విపరీతము. వారు శాస్త్రముకొఱకు నన్నము సంపాదించిరి. అన్నముకొఱకు శాస్త్రముఁ బట్టలేదు. ఉదయము గుడ్డ యద్దినచేయి సాయంకాలము తన పటమును దాను దలఁచినట్లు వ్రాసికొనఁగలిగెను. కొనువాని యభిరుచి యద్దకమును శాసించినను బటమును శాసింపలేదు. కాశిక కౌటునకుఁ జెప్పిన స్వాతంత్ర్య మిట్టిదే యని నా తలఁపు.

అట్లని కుటి సర్వరోగములకును మందు కాదు. అందు నివసించినవారిలోఁ గె. రామానుజము మహాప్రతిభ గలవాఁడు. నల్లసిరాతో నతఁడు గీసిన స్వప్నపురములఁ జూచినవారు మఱవరు. గురువాదరించెను, తోటివారు చేరఁదీసిరి, తలదాఁచుకొనఁ జోటు దొరకెను. అయినను 1973లో నతఁడు స్వయముగాఁ బ్రాణములు విడిచెను. చోళమండలముఁ బొగడువారు దీనిని దాఁటిపోవుట నాకు సమ్మతము కాదు.

పణిక్కరు 1977లో గతించెను. ఆయనపిదపను శిష్యులు తమ యిండ్లను గర్మశాలలను విడువక యచటనే పనిచేసికొనిరి.